నీలం రంగు కింది అమ్మోరు

మా వీధి చివర కొత్తగా కట్టిన ఇంటి గేటుకు నిన్న పొద్దున ఆకుపచ్చ ఎనామిల్ వేస్తున్నారు. నేను కిటికీ దగ్గర కూర్చుని టీ తాగుతున్నాను. గాలి ఇటు తిరిగేసరికి ఆ రంగూ టర్పెంటైనూ కలిసిన ఘాటు గదిలోకి వచ్చేసింది. కొత్త రంగు వాసన చాలామందికి గృహప్రవేశాన్నో, పెళ్ళిపందిరినో గుర్తు చేస్తుందంటారు. నేను మాత్రం లేచి కిటికీ మూసేశాను. నేను బొమ్మలు వేసి బతికే మనిషిని. పిల్లల పుస్తకాలకు నీటిరంగులతో బొమ్మలు వేస్తాను. రోజంతా రంగుల మధ్యే ఉంటాను కానీ, ఎనామిల్ డబ్బాను మాత్రం నా గది గడప దాటనివ్వను. ఎక్కడికి పిలిచినా నన్ను మొదట అడిగేది ఒకటే, మీకు ప్రేరణ ఎవరని. మా నాన్న అని చెబుతాను. అది అబద్ధం కాదు. కానీ అక్కడితో ఆపేస్తాను, వాళ్ళు కూడా అక్కడితో చాలనుకుంటారు.

మా ఇల్లు అనకాపల్లి బెల్లం మార్కెట్టు వెనక సందులో ఉండేది. చలికాలం మొదలైతే పల్లెల నుంచి బెల్లం దిమ్మలు ఎక్కించుకున్న బళ్ళు బారులు తీరి వచ్చేవి. వాటి చుట్టూ తేనెటీగలు ముసిరేవి, చెప్పుల్లేని కాళ్ళకు రోడ్డు జిగటగా అంటుకునేది, స్కూలుకు వెళ్ళేటప్పుడు ఆ జిగట మీద పడిన దుమ్ము అరికాళ్ళకు రెండో చర్మంలా పట్టేది. కొత్త అమావాస్యకు నూకాలమ్మ జాతర వస్తే అమ్మ కొత్త బెల్లంతో బూరెలు వండేది. ఆగలేక కొరికితే లోపలి పూర్ణం నాలుక కాల్చేది, కాలిన నాలుకతోనే రెండోది అందుకునేవాళ్ళం. మా సందులో ఆడపిల్లలందరూ తొక్కుడుబిళ్ళకు పెంకుముక్కలు ఏరుకుంటే నా దగ్గర మాత్రం రంగు డబ్బాల మూతలు ఉండేవి. ఎరుపు మూత, పసుపు మూత, అంచు వంగిన నల్లమూత. ఆటలో నన్ను చేర్చుకోవడానికి ఆ మూతలే కారణమని నాకు తెలుసు. తెలిసినా గర్వంగానే ఉండేది.

మా నాన్న అప్పారావు పెయింటరు. దుకాణాల బోర్డులు, లారీల వెనక రాతలు, స్కూళ్ళ గోడల మీద దేశనాయకుల బొమ్మలు, ఏడాది పొడుగునా ఏదో ఒకటి ఉండేది. ఎండాకాలం వస్తే మాత్రం అవన్నీ పక్కన పెట్టి సముద్రం ఒడ్డున ఉన్న పూడిమడక వెళ్ళేవాడు. ఆ రోజుల్లో అక్కడి చెక్క పడవలను ఒడ్డుకు లాగి, పలకల సందుల్లో పీచు కూరి, గుగ్గిలం పూసి, కొత్తగా రంగులు వేసేవారు. పడవ ముందు భాగం మీద రెండు పక్కలా ఏదో ఒక బొమ్మ ఉండాలి. కొందరు సింహం అడిగేవారు, కొందరు నెమలి, ఎక్కువమంది అమ్మవారిని. బొమ్మ కింద మూలన చిన్న తెల్లటి అక్షరాలతో నాన్న తన పేరు రాసుకునేవాడు. అప్పారావు, అనకాపల్లి. ఆ తీరం పొడుగునా పడవల మీద ఆ పేరు ఉండేది. దూరాన నీళ్ళ మీద పడవను చూసి అది అప్పారావు బొమ్మ అని చెప్పగలిగేవారు.

నాన్నకు బడి చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. బొమ్మలు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఆయన నేర్చుకున్న పద్ధతి ఒక్కటే, రోజూ చెయ్యడం. తెల్లవారకముందే లేచి, చెంబుతో నీళ్ళు తెచ్చుకుని, మా అరుగు మీది నల్లగచ్చు మీద తడి బ్రష్షుతో గీతలు గీసేవాడు. ముందు నిలువు గీతలు, తరవాత గుండ్రాలు, ఆ తరవాత కళ్ళు, చేపలు, గుర్రం మెడలు. ఒక్కో గీతా ఊపిరి బిగబట్టి మొదలుపెట్టి, ఊపిరి వదిలేలోపు ముగించాలి. గచ్చు చివరకు వచ్చేసరికి మొదటి గీతలు ఆరిపోయేవి. మళ్ళీ మొదటి నుంచి. నేను తలుపు చెక్క పక్కన కూర్చుని చూసేదాన్ని. ఒకసారి అడిగాను, ఆరిపోయేదానికి ఎందుకు గీయడమని.

"ఆరిపోద్ది కాబట్టే భయం నేకుండా గీత్తాను," అన్నాడు. "సెయ్యి ముందు భయం మర్సిపోవాల."

చూడ్డం కూడా ఆయనకు ఒక పనే. పూడిమడకలో పని ఒప్పుకున్నాక మొదటి రెండు రోజులు బ్రష్షు తీసేవాడు కాదు. పడవ చుట్టూ తిరిగేవాడు, పలక మీద చెయ్యి పెట్టి రాసేవాడు, పడవ యజమానితో కూర్చుని వాళ్ళ ముత్తాతల కబుర్లు వినేవాడు. సెలవులు కాబట్టి నన్ను వెంట తీసుకువెళ్ళేవాడు. వేకువనే ఒడ్డుకు తెచ్చిన చేపలను నాకు చూపించేవాడు. వల్లోంచి తీసిన వంజరం వీపు మీద ఒక నీలం ఉంటుంది, దాని అంచున వంకాయరంగు, పొట్ట దగ్గర వెండి. ఎండ ఎక్కేలోపు అదంతా బూడిదరంగులోకి దిగిపోతుంది. "ఇప్పుడు సూడు. ఇంకో గంటకి ఈ రంగు నీకు ఎవడూ సూపించలేడు," అనేవాడు. ఎండబెట్టిన కవళ్ళ చేపల వాసన, తడి వలల వాసన, కాగుతున్న గుగ్గిలం వాసన, వీటన్నిటి మధ్య నేను నిజంగా కళ్ళు తెరిచింది ఆ వేకువల్లోనే. ఇంత చేదుగా రాస్తున్నా ఆ రుణం లేదని అనలేను.

నాన్నకు ఆ ఊళ్ళో బాగా దగ్గరివాడు నూకరాజు. బావా అంటే బావా అనుకునేవారు. నూకరాజు మావకు ఒక పడవ ఉండేది. ఆయన భార్య పోలమ్మ అత్త పొద్దున్నే చేపల తట్టతో బస్సెక్కి అనకాపల్లి వచ్చి మా వీధుల్లో అమ్మేది. మా అరుగు దగ్గర తప్పకుండా ఆగేది. నేను ఆమె కోసం ఎదురుచూసేదాన్ని, చేపల కోసం కాదు. తట్ట దించే క్షణం కోసం. అమ్మ ఒక పక్క చెయ్యి వేస్తే తట్ట కిందికి దిగేది, కానీ పోలమ్మ అత్త మెడ వెంటనే నిటారు అయ్యేది కాదు. ఇంకా ఆ బరువు ఉన్నట్టే కాసేపు అలాగే బిగుసుకుని ఉండి, తరవాత నెమ్మదిగా, ఒక్కో వేలెడూ లేస్తున్నట్టు పైకి వచ్చేది. గడ్డం ఎత్తి, కళ్ళు సగం మూసి, దీర్ఘంగా ఊపిరి వదిలేది. అప్పుడు ఆమె ముఖం మరెప్పుడూ లేనంత పెద్దగా కనిపించేది.

"ఏటే పాపా, నా మొకంలో సేపలున్నాయేటి, అలాగ సూత్తన్నావు," అని నవ్వేది.

నాకు పన్నెండేళ్ళు వచ్చిన చలికాలంలో నాన్న చెయ్యి వణకడం మొదలైంది. మొదట నేను చూసింది గచ్చు మీదే. గుర్రం మెడ గీస్తుంటే నీటి గీత మధ్యలో చిన్న చిన్న పళ్ళు లేచాయి, రంపం అంచులాగా. నాన్న బ్రష్షు పక్కన పెట్టి కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. అమ్మ చలి అనుకుంది. చలి పోయింది, చెయ్యి మారలేదు. బోర్డుల మీద అక్షరాలకు అట్టముక్కల్లో అచ్చులు కోసుకుని రంగు అద్దేవాడు కాబట్టి ఊళ్ళో ఎవరికీ తెలియలేదు. పడవల మీద బొమ్మలకు అచ్చులు పనికిరావు. పలక వంపు తిరిగి ఉంటుంది, ఒక్కో పడవదీ ఒక్కో వంపు.

ఆ ఎండాకాలం పూడిమడకలో, ఇంకా ఎవరూ ఒడ్డుకు రాని వేళ, నాన్న నా చేతికి బ్రష్షు ఇచ్చాడు. ఏమీ వివరించలేదు. "కన్ను గియ్యి," అన్నాడు అంతే. అది ఒక నెమలి కన్ను. నాలుగేళ్ళుగా తలుపు చెక్క పక్కన కూర్చుని గాల్లో వేలితో గీసిన కన్ను అది. ఊపిరి బిగబట్టి గీశాను. నాన్న వంగి చూసి, ఇంకొకటి అన్నాడు. ఎండ వచ్చేలోపు గీతలన్నీ నేను గీసేసేదాన్ని. జనం వచ్చాక నాన్న నిలబడి వాటి మధ్య రంగులు నింపేవాడు, ఆ పనికి వణుకు అడ్డం రాదు. నేను పక్కన కూర్చుని డబ్బాల్లో రంగులు కలిపేదాన్ని. బొమ్మ పూర్తయ్యాక మూలన పేరు కూడా నా చేతే రాయించాడు. అప్పారావు, అనకాపల్లి. అది కూడా వంకర లేకుండా రాశాను.

ఆ మొదటి ఏడాది నాకు బాధేమీ లేదు. నాన్నకూ నాకూ మధ్య ఒక రహస్యం ఉందన్న సంతోషం ఉండేది. బస్సులో ఇంటికి వస్తూ ఆయన నా వేళ్ళకు అంటిన రంగు కిరసనాయిలు గుడ్డతో తుడిచేవాడు, ఒక్కో వేలూ విడివిడిగా, గోళ్ళ సందుల్లో కూడా. అది ప్రేమ అనుకున్నాను. ఇంటిదగ్గర అమ్మకు కూడా తెలియకుండా తుడుస్తున్నాడని తరవాత అర్థమైంది.

మరుసటి ఏడాది ఎండలు ముదరకముందే నేను పెద్దమనిషినయ్యాను. చాప మీద కూర్చోబెట్టారు, నువ్వుల చిమ్మిలి పెట్టారు, చుట్టాలు వచ్చి వెళ్ళారు. అది అయిన నెలకు నాన్న నన్ను మళ్ళీ పూడిమడక బయలుదేరదీశాడు. అమ్మ అడ్డం చెప్పింది, ఎదిగిన పిల్లను మగాళ్ళ మధ్య ఎండలో కూర్చోబెడతావా అని. నాన్న వినలేదు. ఆయనకు నా చెయ్యి కావాలి, ఆ మాట అమ్మకు చెప్పలేడు.

ఆ ఏడాది నూకరాజు మావ పడవ బాగా దెబ్బతిని, సగం పలకలు మార్చి, దాదాపు కొత్త పడవ చేశారు. అమ్మవారి బొమ్మ కావాలన్నాడు. నాన్న ఎప్పుడూ వేసే అమ్మవారు ఒకటుంది, గుండ్రటి ముఖం, పెద్ద కళ్ళు, క్యాలెండర్లలో ఉన్నట్టు. అదే వెయ్యమని వేకువనే నన్ను పడవ దగ్గర వదిలి, ఆయన రంగుల డబ్బాలు తేవడానికి నూకరాజు మావ ఇంటికి వెళ్ళాడు. నేను కిరీటం గీశాను. ముఖం దగ్గరకు వచ్చాక చెయ్యి ఆ గుండ్రటి ముఖం వైపు పోలేదు. మెడ ముందు వచ్చింది. అప్పుడే బరువు దించిన మెడ. ఎత్తిన గడ్డం, సగం మూసిన కళ్ళు, ఊపిరి వదులుతున్న పెదాలు. నేను ఆలోచించి గీసింది కాదు. రోజూ మా అరుగు దగ్గర చూసిందే, ఎప్పటి నుంచో నా దగ్గర ఉందని నాకే తెలియనిది, ఆ పలక మీదికి దిగిపోయింది. ప్రేరణ అనే మాటకు నాకు తెలిసిన అర్థం ఆ పావుగంట. ఆ తరవాత ముప్పై ఏళ్ళ పైగా బొమ్మలు వేస్తున్నాను, అంత తేలిగ్గా, అంత నిజంగా మళ్ళీ ఏదీ రాలేదు.

నాన్న వచ్చి చూశాడు. డబ్బాలు కింద పెట్టలేదు, చేతుల్లో పట్టుకునే చాలాసేపు నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. ఆ ఒక్కసారి పేరు రాయమని కూడా చెప్పలేదు. రంగులు నింపి, వణికే చేత్తో చిన్న తెల్ల అక్షరాలు ఎలాగో తనే రాసుకున్నాడు.

పడవను నీళ్ళలోకి దించే రోజు పొద్దున్నే పడవ చుట్టూ ఇరవై ముప్పై మంది చేరారు. పసుపు, కుంకం, కొబ్బరికాయలు, అరటిపళ్ళు, బెల్లం పానకం. అమ్మవారి బొమ్మను అందరూ మెచ్చుకుంటున్నారు, నాన్న తలూపుతున్నాడు. నూకరాజు మావ పదిమందిలో సిగ్గుపడుతూ, "బావా, అమ్మోరు మా ఆడదానిలాగ ఉందేటి," అన్నాడు. అందరూ నవ్వారు. పోలమ్మ అత్త పసుపు పళ్ళెంతో ముందుకు వచ్చి బొమ్మకు బాగా దగ్గరగా నిలబడింది. తన మెడ మీద చెయ్యి వేసుకుంది. నవ్వలేదు. ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఇది నానే," అంది. "తట్ట దించినప్పుడు నాను. అప్పారావన్నయ్య ఎప్పుడూ నన్ను సూడనేదు. సూసింది ఈ పిల్ల." నా వైపు తిరిగింది. "నువ్వు గీసేవు కదమ్మా."

ఆమె సంతోషంతో అన్న మాట అది. ఆ మాట వల్ల ఏం జరుగుతుందో ఆమెకు తెలియదు. నేను తలూపాను. ఆ రోజు వరకు ఎవరూ అడగలేదు, అడిగితే అబద్ధం చెప్పాలని నాన్న ఎప్పుడూ చెప్పలేదు.

అక్కడున్న ఒక ముసలాయన మాత్రం మొహం ముడిచాడు. "ఎదిగిన ఆడపిల్ల పడవ మీద సెయ్యేసిందేటి," అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. నూకరాజు మావ కల్పించుకుని, "అలాంటియి ఇప్పుడెవుడు సూత్తన్నాడు తాతా," అన్నాడు. అక్కడితో అయిపోవలసిందే. పానకం గ్లాసులు పంచడం మొదలుపెట్టారు కూడా.

కానీ నాన్న ముఖం అప్పటికే మారిపోయింది. "నా కూతురు బ్రష్షు ముట్టనేదు," అన్నాడు. "రంగులు కలిపింది, అంతే. ఆ బొమ్మ నాది."

"నీదే బావా. ఎవురు కాదన్నారు," అన్నాడు నూకరాజు మావ.

"కాదు, మీకు అనుమానం. నాది కాబట్టి సెరిపేత్తాను. మీ అందరి ముందు మళ్ళీ గీత్తాను, సూడండి."

పడవ పక్కలకు వేసిన నీలం ఎనామిల్ డబ్బా ఇంకా అక్కడే ఉంది. వెడల్పాటి బ్రష్షు ముంచి అమ్మవారి కిరీటం నుంచి కిందికి లాగాడు. పోలమ్మ అత్త ఆపడానికి చెయ్యి చాపి, పసుపు పళ్ళెం పడిపోతుందని వెనక్కి తీసుకుంది. నాలుగు లాగుల్లో ముఖం పోయింది. ఐదో లాగుకు మెడ పోయింది. నేను ఎక్కడ నిలబడ్డానో అక్కడే ఉన్నాను. అరిచి ఉంటే, చెయ్యి పట్టుకుని ఉంటే అని తరవాత చాలాసార్లు అనుకున్నాను.

ఆ నీలం ఆరకముందే దాని మీద తెల్లరంగుతో గీయడం మొదలుపెట్టాడు. గడ్డం దగ్గర మొదలుపెట్టాడు. మొదటి వేలెడు బాగానే వచ్చింది. తరవాత గీతకు పళ్ళు లేచాయి. ఆపి, చెయ్యి విదిలించి, మళ్ళీ పెట్టాడు. గీత ఒక పక్కకు జారి, తడి నీలంలో కలిసి, పాలు విరిగినట్టు అయింది. నాన్న తల తిప్పి నా వైపు చూశాడు. బ్రష్షు తీసుకోమని అడుగుతున్నాడో, అక్కణ్ణించి పొమ్మంటున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. నేను ముఖం తిప్పేసుకున్నాను. అది కావాలనే చేశాను. నాకు పదమూడేళ్ళు, ఆ పదమూడేళ్ళలో అంత కోపం ఎప్పుడూ రాలేదు.

నూకరాజు మావ వెళ్ళి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "సాల్లే బావా. ఎండెక్కిపోనాది. అలాగే ఉండనీ," అన్నాడు. కొబ్బరికాయ కొట్టారు. ముందు భాగాన నీలం మచ్చతో, బొమ్మ లేకుండా ఆ పడవ నీళ్ళలోకి వెళ్ళింది.

నా సంగతి దాచబోయి నాన్న తన వణుకు బయటపెట్టుకున్నాడు. ఆ మర్నాటికే తీరమంతా తెలిసిపోయింది. మరుసటి ఎండాకాలం పాయకరావుపేట నుంచి వేరే పెయింటరును పిలిపించుకున్నారు. నూకరాజు మావ రెండుసార్లు ఇంటికి వచ్చి, పాప చేత వేయించు బావా, నా పడవ మీద నాకిష్టమైనోళ్ళు గీత్తారు, ఎవడేమంటాడు అని అడిగాడు. నాన్న మంచినీళ్ళు ఇమ్మని అమ్మకు చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు. పోలమ్మ అత్త చేపలు అమ్మడానికి వస్తూనే ఉండేది, మా అరుగు దగ్గర మాత్రం ఆగేది కాదు. దాటిపోతూ నాకేసి చూసేది, అంతే. ఆమె మెడ నిటారు కావడం నేను మళ్ళీ చూడలేదు.

ఇంట్లో బ్రష్షులన్నీ నాన్న ఒక రేకుపెట్టెలో పెట్టి అటకెక్కించాడు. నన్ను ముట్టుకోవద్దని మాటతో చెప్పలేదు. నోట్‌బుక్కులో బొమ్మ వేస్తూ కనిపిస్తే లేచి బయటికి పోయేవాడు. అది తిట్టుకన్నా గట్టిగా తగిలేది. అమ్మకు విషయం తెలిశాక ఆయనతో దెబ్బలాడింది, నాలుగు రోజులు మాట్లాడలేదు, తరవాత మామూలైపోయింది. ఆమెకు ఇల్లు నడవాలి. నాన్న అచ్చులతో నంబరు ప్లేట్లు రాసుకుంటూ బతికాడు. ఒక్కటి మాత్రం మానలేదు. వేకువనే లేచి గచ్చు మీద నీళ్ళతో గీసేవాడు. ఆ గీతలు ఏటేటా మరింత పాడైపోతూ వచ్చాయి, చివరికి నిలువు గీత కూడా వచ్చేది కాదు. అయినా గచ్చు చివరిదాకా గీసి, మళ్ళీ మొదలుపెట్టేవాడు. నేను తలుపు లోపలే ఉండి, ఆయన చూడకుండా, నా పలక మీద తడి గుడ్డ చుట్టిన పుల్లతో అవే గీతలు గీసేదాన్ని. ఒకే ఇంట్లో, తలుపుకు అటు ఇటు, ఒకరి నుంచి ఒకరు దాక్కుంటూ అదే పని చేస్తూ ఆరేళ్ళు గడిపాం. నా సాధన అంటే అదే. అందులో ఆనందం ఉందని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి. నాకు ఉన్నది పట్టుదల, అది కూడా కక్షలోంచి పుట్టిన పట్టుదల.

పంతొమ్మిదేళ్ళప్పుడు చీరల మీద అద్దకం వేసే చోట నాకు పని దొరికింది. మొదటి రోజు బయలుదేరుతూ, ఎక్కడి నుంచి వచ్చిందో ధైర్యం, అరుగు మీద కూర్చున్న ఆయనను అడిగేశాను.

"నాన్నా, ఆ రోజు ఎందుకు చెరిపేశావు. ఆ ముసలాయన మాటకా."

ఆయన చెయ్యి ఒళ్ళో దానంతట అది కదులుతోంది. దాన్ని ఎడమచేత్తో పట్టుకున్నాడు.

"ఆ ముసలోడి మాట ఎవడికి కావాల," అన్నాడు. "నీ బొమ్మ బాగుంది. అందుకే సెరిపేసేను."

నేను బస్సుకు వెళ్ళిపోయాను. ఆ తరవాత మూడేళ్ళు బతికాడు, ఆ ప్రస్తావన మళ్ళీ రాలేదు. ఈ సంగతి విన్న ఒకరిద్దరు స్నేహితులు అంతకన్నా పెద్ద మెచ్చుకోలు ఏముంటుందన్నారు. వాళ్ళ బొమ్మ మీద ఎవరూ నీలం పుయ్యలేదు కాబట్టి అలా అనగలిగారు. మెచ్చుకోలు నోటితో చెప్పవలసింది, చెప్పవలసిన రోజున చెప్పవలసింది.

నాకు చిన్న పేరు వచ్చాక ఒక పత్రికలో నా గురించి రాశారు. తండ్రి ప్రోత్సాహంతో ఎదిగిన చిత్రకారిణి అని. నేను దిద్దించలేదు. ఆ కాగితం చూసి అమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది, ఎందుకో నేను అడగలేదు. పోయినేడు పూడిమడక వెళ్ళాను. అచ్యుతాపురం దాటాక జీడితోటలూ సరుగుడు తోపులూ ఉండే చోట ఫ్యాక్టరీల గోడలు లేచాయి. ఒడ్డున చెక్క పడవ ఒక్కటి కూడా కనబడలేదు. అన్నీ ఫైబరు పడవలు, వాటి మీద యంత్రం కొట్టిన అక్షరాలు, సినిమా హీరోల స్టిక్కర్లు. గుగ్గిలం వాసన లేదు. పోలమ్మ అత్త పోయి చాలా కాలమైందట. నూకరాజు మావకు చూపు ఆనదు, నా గొంతు పోల్చుకుని చెయ్యి పట్టుకున్నాడు. ఆ పడవ ఏమైందని అడిగాను. తుఫానులో విరిగిపోయింది, పలకలు పొయ్యిలోకి పోయాయి అన్నాడు. అమ్మోరి ముఖం గుర్తుందా అంటే, ఉంది ఉంది అన్నాడు. కాసేపు మాట్లాడించాక ఆయనకు గుర్తున్నది నాన్న గీసే పాత గుండ్రటి ముఖమని అర్థమైంది. నేను గీసింది ఇప్పుడు ఈ లోకంలో నాకు తప్ప ఎవరికీ గుర్తు లేదు.

ఇక్కడితో ఆపేస్తే ఇది నాన్న మీద ఫిర్యాదుగా మిగులుతుంది. ఆపలేను.

ఆదివారాలు మా ఇంట్లో పిల్లలకు బొమ్మలు నేర్పుతాను. వాళ్ళల్లో పన్నెండేళ్ళ పిల్ల ఒకతె గొలుగొండ వైపు పల్లె నుంచి వచ్చి ఇక్కడ అమ్మమ్మ ఇంట్లో ఉండి చదువుకుంటోంది. ఎక్కువ మాట్లాడదు. కిందటి నెల చెరకు లోడు మోస్తున్న ఎద్దును గీసింది. ఎద్దు మొత్తం గీయలేదు. వంగిన మూపురం, ముందరి కాలు, కింద నేలలోకి దిగిన గిట్ట. అంతే. ఆ కాలులో బరువు ఉంది. ముప్పై ఏళ్ళుగా నేను వెతుకుతున్న గీత ఆ పిల్ల పెన్సిలు ముక్కతో గీసి పెట్టింది, తను ఏం చేసిందో తెలియకుండా చెవి గోక్కుంటూ కూర్చుంది.

బాగుందమ్మా అనాలి. ఒక్క మాట. నా నోట్లోంచి వచ్చింది అది కాదు. "ఇక్కడ కాలు పొట్టి అయింది, ఇటు ఇవ్వు," అన్నాను. పెన్సిలు తీసుకుని ఆ కాలును దిద్దాను. చక్కగా, కొలత ప్రకారం దిద్దాను. ఎద్దు అచ్చంగా ఎద్దులా తయారైంది. బరువు పోయింది. ఆ పిల్ల కాగితం వైపు చూసింది, నా వైపు చూసింది, మడత పెట్టి సంచిలో పెట్టుకుంది. మరుసటి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారం కూడా రాలేదు.

పదిహేను రోజులు ఫోను దగ్గరికి వెళ్ళి వెనక్కి వచ్చాను. చివరికి చేశాను. వాళ్ళ అమ్మమ్మ ఎత్తింది. నేనెవరో చెప్పి, "మీ పిల్ల వేసిన ఎద్దు బొమ్మ చాలా బాగుందండీ. నేను దిద్దకుండా ఉండాల్సింది. ఆ మాట పిల్లకి చెప్పండి," అన్నాను.

"ఆ కాయితం అది ఆ రోజే సింపేసిందమ్మా," అంది ఆవిడ. "ఇప్పుడు నెక్కల ట్యూషన్‌కి ఎల్తంది."